ఊరు ఎల్ల మీద, ఓటు ఎటువైపు?

ఈసారి ఉత్తరాలన్నీ రాష్ట్రాల సరిహద్దు నియోజకవర్గాల నుంచే వచ్చాయి. పేరు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి అందరి పేర్లూ తీసేసి ప్రాంతం మాత్రం ఉంచాం.

ప్రశ్న (కెరమెరి మండలం, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా): మా పల్లె తమదేనని తెలంగాణ అంటుంది, మహారాష్ట్రా అంటుంది. ఇంటింటికీ రెండేసి ఓటరు కార్డులున్నాయి. ఇప్పుడు ఒకటి తీసేయించుకోమంటున్నారు. తీసేస్తే భూమి ఆ రాష్ట్రానికి పోతుందని ఊళ్లో భయం. ఏం చేయాలి?

జవాబు: ముందు భయం సంగతి. మీ పేరు ఏ రాష్ట్రం ఓటరు జాబితాలో ఉందో చూసి ఊరు ఎవరిదో తేల్చరు. రాష్ట్రాల ఎల్లలు మార్చే అధికారం రాజ్యాంగం 3వ అధికరణం కింద పార్లమెంటుకే ఉంది. రాష్ట్రాల మధ్య దావాలు 131వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు వెళ్తాయి. ఈ రెండింటిలో దేనికీ ఓటరు కార్డుల లెక్కతో పనిలేదు. పట్టా ఇవ్వాలన్నా, రద్దు చేయాలన్నా రెవెన్యూ రికార్డే ఆధారం. ‘మా వైపు ఓటుంటేనే పింఛను’ అని గ్రామ నాయకులు బెదిరించడం ఉంది గానీ, ఆ మాట ఏ చట్టంలోనూ లేదు.

ఇక చట్టం. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఒక మనిషి పేరు ఒకే నియోజకవర్గం జాబితాలో ఉండాలి. తెలిసి తప్పుడు ప్రకటన ఇస్తే 31వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. 1951 చట్టం 62(3) ఇంకా కఠినం. ఒకే తరగతి ఎన్నికలో (రెండూ లోక్‌సభవో, రెండూ అసెంబ్లీవో అయితే) రెండు నియోజకవర్గాల్లో ఓటేస్తే రెండు ఓట్లూ చెల్లవు. అంటే ఒకటి మిగలడం కాదు, ఉన్నదీ పోతుంది.

2019లో మీకు రెండు వైపులా పోలింగ్ ఏప్రిల్ 11నే జరిగింది. 2024లో చంద్రపూర్ లోక్‌సభ స్థానానికి ఏప్రిల్ 19న, ఆదిలాబాద్‌కు మే 13న జరిగింది. మధ్యలో 24 రోజులున్నాయి కాబట్టి రెండూ వేసేయొచ్చని కొందరు అనుకున్నారు. కానీ ఎడమ చూపుడువేలి మీద పాత సిరా గుర్తు కనిపిస్తే ఓటు వేయనివ్వకూడదని 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనల్లోనే ఉంది. గోటి మొదట్లో గీసిన సిరా గోరు పెరిగేదాకా పోదు.

ఏది ఉంచుకోవాలంటే, మామూలుగా ఎక్కడ నివసిస్తారో అది. అక్కడ ఇల్లు ఉన్నంతమాత్రాన నివాసం కాదని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. కూలికి కొన్నాళ్లు బయటికి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. మీ చిక్కల్లా ఒకే ఇల్లు రెండు జాబితాల్లో ఉండటమే. కాబట్టి ఇంట్లోవాళ్లంతా కూర్చుని ఒక వైపు తేల్చుకోండి. భర్త ఒక రాష్ట్రంలో, భార్య ఒక రాష్ట్రంలో ఓటరుగా ఉండటం నేరం కాదు గానీ, తర్వాత ఏ విచారణ వచ్చినా అదే మొదటి ప్రశ్న అవుతుంది.

వద్దనుకున్న వైపు ఓటరు నమోదు అధికారికి ఫారం 7 ఇవ్వాలి. మీ పేరు తీసేయమని మీరే అడగొచ్చు. కారణం దగ్గర ‘ఇప్పటికే వేరేచోట నమోదై ఉన్నాను’ అన్నదాన్ని గుర్తించాలి. ఇక్కడే పొరపాట్లు జరుగుతాయి. తీసేయాల్సిన కార్డు నంబరు బదులు ఉంచుకోవాల్సిన కార్డు నంబరు రాస్తారు. మరాఠీ జాబితాలో పేరు ఒకలా, తెలుగు జాబితాలో ఇంకోలా ఉంటే బీఎల్ఓకు (బూత్ స్థాయి అధికారికి) మనిషి దొరకడు, దరఖాస్తు మూలన పడుతుంది. ఆ జాబితాలో పేరు ఎలా ఉందో అక్షరం మార్చకుండా అలాగే రాయండి. పోలింగ్ కేంద్రం భాగం నంబరు, వరుస సంఖ్య కూడా వేయండి. రసీదు తీసుకోకుండా కదలొద్దు. ఫారం 8 జోలికి పోకండి. అది ఇల్లు మారినవాళ్లకూ తప్పులు దిద్దించుకునేవాళ్లకూ పెట్టింది, రెండు చోట్లా పేరున్నవాళ్లకు కాదు.

ఒకవేళ రెండు వైపులా పేరు ఎగిరిపోతే, ఉత్తర్వు వచ్చిన 15 రోజుల్లో కలెక్టరుకు అప్పీలు చేయాలి. అక్కడా కాదంటే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి. గడువు దాటితే ఫారం 6తో కొత్తగా మొదలుపెట్టడమే. నామినేషన్ల చివరి గడువు ముగిశాక ఆ ఎన్నికకు జాబితాలో చేర్చడం, తీసేయడం రెండూ ఆగిపోతాయి. ఈ పని ఎన్నికల ఏడాదిలో కాకుండా ఊరు నిమ్మళంగా ఉన్నప్పుడు చేసుకోవడం మేలు.

ప్రశ్న (సాలూరు మండలం): కొటియా పల్లెల్లో 2021లో ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు పెట్టింది. ఒడిశా కూడా తన ఎన్నికలు పెడుతోంది. ఏది చెల్లుతుంది?

జవాబు: ఒక్క మాటలో తేలే విషయం కాదు, తేల్చాల్సినవాళ్లు తేల్చలేదు. ఈ పల్లెలు తమవేనంటూ ఒడిశా 1968లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2006లో ఆ దావాను కోర్టు కొట్టేసింది. పల్లెలు ఎవరివన్న ప్రశ్న అలాగే మిగిలింది. 2021 ఫిబ్రవరిలో గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు పంచాయతీలకు ఆంధ్రప్రదేశ్ ఎన్నికలు ప్రకటిస్తే ఒడిశా కోర్టు ధిక్కార పిటిషన్ వేసింది. ఈలోగా ఒక పల్లె సాలూరు అసెంబ్లీ, అరకు లోక్‌సభ లెక్కలోనూ, పొట్టంగి అసెంబ్లీ, కొరాపుట్ లోక్‌సభ లెక్కలోనూ ఉంటోంది. 2024 మే 13న రెండు లోక్‌సభ స్థానాలకూ ఒకేరోజు పోలింగ్ జరిగింది.

ఓటరు విషయంలో పై జవాబే మీకూ వర్తిస్తుంది. రెండు ప్రభుత్వాలూ పోటీపడి రోడ్లు వేస్తుంటే పల్లెకు లాభమే గదా అని కొందరు రాశారు. రోడ్లు, బడి, అంగన్‌వాడీ వస్తాయి, నిజమే. కానీ అటవీ హక్కు పత్రం కావాలన్నప్పుడు గ్రామసభ తీర్మానం ఏ రాష్ట్రం సబ్‌డివిజన్ కమిటీకి పోవాలో తెలియక అక్కడే ఆగిపోతారు. అసలు నష్టం అది.

ప్రశ్న (నారాయణఖేడ్ ప్రాంతం, సంగారెడ్డి జిల్లా): మేం లంబాడాలం. మా చుట్టాలు సగం బీదర్ జిల్లాలో ఉన్నారు. అక్కడ వాళ్లు ఎస్సీ, ఇక్కడ మేం ఎస్టీ. వాళ్ల అమ్మాయి మా ఇంటి కోడలైంది. ఆమె ఇక్కడ రిజర్వుడు స్థానంలో పోటీ చేయొచ్చా?

జవాబు: అసెంబ్లీకి అయితే కష్టం. లోక్‌సభకు అయితే వేరే దారి ఉంది. ఎందుకో చూడండి.

షెడ్యూల్డు కులాలు, తెగల జాబితాలు 341, 342 అధికరణాల కింద రాష్ట్రాలవారీగా ఉంటాయి. లంబాడాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. తెలంగాణ ప్రాంతంలో కూడా ఎస్టీలైంది 1976 చట్టంతోనే. ఒక రాష్ట్రంలో వచ్చిన హోదాను వలస వెళ్లిన రాష్ట్రంలో అడగలేరని 1990లో మర్రి చంద్రశేఖరరావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లయి వచ్చినంత మాత్రాన భర్త హోదా భార్యకు రాదు. ఆమె హోదా పుట్టుకను బట్టే ఉంటుంది.

ఇప్పుడు ఎన్నికల చట్టం. 1951 చట్టం 5వ సెక్షన్ ప్రకారం అసెంబ్లీ రిజర్వుడు స్థానంలో పోటీ చేయాలంటే ‘ఆ రాష్ట్రపు’ ఎస్సీ లేదా ఎస్టీ అయి ఉండాలి, ఆ రాష్ట్రంలోనే ఓటరై ఉండాలి. 4వ సెక్షన్ మాత్రం లోక్‌సభ రిజర్వుడు స్థానాలకు ‘ఆ రాష్ట్రపు గానీ, మరే రాష్ట్రపు గానీ’ అంటుంది. కాబట్టి కర్ణాటకలో ఎస్సీ అయిన మీ కోడలు చిత్తూరు లాంటి ఎస్సీ లోక్‌సభ స్థానంలో నామినేషన్ వేయొచ్చు. తెలంగాణలో ఎస్టీ అయిన మీరు బళ్లారి ఎస్టీ లోక్‌సభ స్థానంలో వేయొచ్చు. అదే మనిషి అసెంబ్లీకి వేస్తే పరిశీలన రోజే తిరస్కరిస్తారు.

ఆలూరు, ఆదోని వైపు నుంచి బోయలు కూడా ఇదే అడిగారు. కర్ణాటకలో బేడ, వాల్మీకి, నాయక కులాలవాళ్లు ఎస్టీలు. ఆంధ్రప్రదేశ్ మైదాన ప్రాంతంలో బోయలు బీసీలు. తుంగభద్ర దాటితే చుట్టరికం మారదు, జాబితా మారుతుంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ బోయ, వాల్మీకులను ఎస్టీల్లో చేర్చమని తీర్మానించింది. అసెంబ్లీ తీర్మానంతో ఎవరూ ఎస్టీ కారు, పార్లమెంటు చట్టం చేయాలి. ఈ తేడా తెలిసీ ప్రతి ఎన్నికలో ‘వచ్చేసినట్టే’ అని ప్రచారం చేసే అభ్యర్థులను నిలదీయడం మీ హక్కు.

నామినేషన్ వేసేవాళ్లకు ఒక జాగ్రత్త. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. సరిహద్దు మండలాల్లో మేనమామో బావమరిదో సంతకం చేస్తాడు, తీరా చూస్తే ఆయన ఓటు ఎల్లకు అవతల ఉంటుంది. ఒక్కరు తగ్గినా నామినేషన్ పోతుంది. అభ్యర్థి ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే ఆ జాబితా నుంచి ధ్రువీకరించిన నకలు జతచేయాలి. ధరావతు లోక్‌సభకు 25,000, అసెంబ్లీకి 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీలకు అందులో సగం.

ప్రశ్న (కుప్పం): మేం టమాటా రైతులం. సరుకు అమ్మి వస్తుంటే ఎన్నికల తనిఖీలో డబ్బు పట్టుకుంటున్నారు. మా రాష్ట్రంలో అసలు ఎన్నికే లేదు. ఇదేం న్యాయం?

జవాబు: కుప్పానికి ఒకవైపు తమిళనాడు, ఇంకోవైపు కర్ణాటక. మూడు రాష్ట్రాల ఎన్నికలు మూడుసార్లు వస్తాయి, మీకు మూడుసార్లు తనిఖీ. ఎన్నికల ప్రవర్తనా నియమావళి ఎన్నిక ఉన్న రాష్ట్రంలోనే అమల్లో ఉంటుంది. కానీ ఆ రాష్ట్రం నేల మీద బండి ఉన్నంతసేపూ అది మీకూ వర్తిస్తుంది.

50,000 రూపాయల పరిమితి గురించి ఊళ్లో చెప్పుకునేది సగమే నిజం. ఎన్నికల సంఘం ఉత్తర్వులో ఆ అంకె అభ్యర్థి, ఏజెంటు, పార్టీ కార్యకర్త ఉన్న బండికి వర్తిస్తుంది. దారిలో నిలబడ్డ బృందం మాత్రం అందరికీ అదే కొలబద్ద పెడుతుంది. వాదన పెట్టుకోవడం కన్నా కాగితం చూపించడమే తేలిక. మండీ పట్టీ (మండీ ఇచ్చే అమ్మకం చీటీ) మీద తేదీ, మీ పేరు, బాక్సుల లెక్క, కమీషన్ పోగా చేతికొచ్చిన మొత్తం ఉండాలి. ‘సుమారుగా’ అని తెల్లకాగితం మీద రాసిచ్చే చీటీ చెల్లదు. పట్టీలో మొత్తం, జేబులో మొత్తం సరిపోవాలి. ఇద్దరు ముగ్గురు రైతుల డబ్బు ఒకరే తెస్తుంటే అందరి పట్టీలూ దగ్గరుండాలి. పట్టుబడేది ఎక్కువగా ఇలాంటివే.

డబ్బు తీసుకుంటే రసీదు అడగండి. అప్పీలు ఎవరికి చేయాలో స్వాధీన పత్రంలో రాయడం వాళ్ల బాధ్యత. జిల్లాలో ముగ్గురు అధికారుల ఫిర్యాదుల కమిటీ ఉంటుంది. కేసు నమోదు కాని, ఏ అభ్యర్థితోనూ సంబంధం లేని డబ్బును విడిచిపెట్టమని ఆదేశించే అధికారం ఆ కమిటీది. పోలింగ్ అయ్యాక ఏడు రోజులకు మించి పెండింగులో ఉంచకూడదు. 10 లక్షలు దాటితే విషయం ఆదాయపు పన్ను శాఖకు వెళ్తుంది.

ప్రశ్న (హోసూరు, తమిళనాడు): ఇక్కడ తరతరాలుగా తెలుగువాళ్లం ఉన్నాం. మా ప్రతినిధి సభలో తెలుగులో మాట్లాడొచ్చా? ఓటు యంత్రం మీద తెలుగు ఉండాలని అడగొచ్చా? ‘తెలుగువాడికే ఓటేయండి’ అని ప్రచారం చేస్తే తప్పా?

జవాబు: మూడో ప్రశ్నతో మొదలుపెడదాం, ఎందుకంటే దానివల్ల పదవే పోవచ్చు. భాష పేరుతో ఓటు అడగడం 1951 చట్టం 123(3) కింద అవినీతి చర్య. అభ్యర్థి భాష ఒక్కటే కాదు, ఓటరు భాషను చూపి అడిగినా అంతేనని 2017 జనవరిలో ఏడుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం 4-3 మెజారిటీతో చెప్పింది. అయితే ‘తెలుగు బడి మూతపడకుండా చూస్తాను, టీచర్ల కోసం పోరాడతాను’ అనడం తప్పు కాదు. భాషను కాపాడుకునే హక్కు 29వ అధికరణంలో ఉంది, దానికోసం ఉద్యమిస్తానని హామీ ఇవ్వడం అవినీతి చర్య కాదని 1964లోనే జగదేవ్ సింగ్ సిద్ధాంతి కేసులో తీర్పు వచ్చింది. తెలుగులో ప్రసంగించడానికి అసలే అభ్యంతరం లేదు. కరపత్రం రాసేవాడికి ఈ గీత తెలిసి ఉండాలి.

సభ సంగతికొస్తే, 210వ అధికరణం ప్రకారం రాష్ట్ర అధికార భాషలోనో, హిందీలోనో, ఇంగ్లిషులోనో మాట్లాడాలి. వాటిలో సరిగా చెప్పలేని సభ్యుడికి మాతృభాషలో మాట్లాడేందుకు స్పీకర్ అనుమతి ఇవ్వొచ్చు. అది స్పీకర్ ఇష్టం, సభ్యుడి హక్కు కాదు. పార్లమెంటుకు 120వ అధికరణం ఇలాంటిదే. మీ కృష్ణగిరి ఎంపీ గోపీనాథ్ 2024 జూన్‌లో లోక్‌సభలో తెలుగులోనే ప్రమాణం చేశారు. ప్రమాణం ఒక నిమిషంలో అయిపోతుంది. అయిదేళ్లలో ఎన్ని తెలుగు బడుల ఖాళీలపై ప్రశ్న వేశారన్నది ఏ ఎంపీకైనా అసలు లెక్క.

ఓటు యంత్రం మీది పత్రం ఏ భాషల్లో ఉండాలో ఎన్నికల సంఘం నిర్ణయిస్తుంది. అడగాల్సింది రిటర్నింగ్ అధికారిని కాదు, ప్రధాన ఎన్నికల అధికారిని, అదీ షెడ్యూలు రాకముందే. చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అభ్యర్థుల పేర్లు అక్షరక్రమంలో ఉంటాయి. పత్రం రెండు భాషల్లో ఉన్నా క్రమం మాత్రం సంఘం చెప్పిన ఒక్క లిపిదే. తమిళ లిపిలో క, గ రెండింటికీ ఒకే అక్షరం. కాబట్టి తెలుగులో కృష్ణప్ప కింద ఉండాల్సిన గణేశన్, తమిళ క్రమంలో పైకి రావచ్చు. మొదట గుర్తింపు ఉన్న పార్టీల వాళ్లు, తర్వాత నమోదైన ఇతర పార్టీలు, చివర స్వతంత్రులు అన్న వరుస మాత్రం ఎక్కడైనా ఒకటే. పేరు తప్పుగా పడితే తుది జాబితా తయారయ్యేలోపు సరైన రూపం రాతపూర్వకంగా ఇచ్చి మార్పించుకోవచ్చు. ఇంటిపేరు ముందు పెట్టే తెలుగు అలవాటుకూ, తండ్రి పేరు పొడి అక్షరం పెట్టే తమిళ అలవాటుకూ మధ్య ఈ తప్పు తరచూ దొర్లుతుంది.

ఆంధ్రలో గుర్తింపు ఉన్న పార్టీ మీ దగ్గర పోటీ చేస్తే దాని గుర్తు దానంతట రాదు. 1968 గుర్తుల ఉత్తర్వు 10వ పేరా కింద, నోటిఫికేషన్ వచ్చిన మూడో రోజులోగా ఎన్నికల సంఘానికి దరఖాస్తు చేయాలి. ఆ గుర్తు అక్కడ మరో పార్టీకి కేటాయించినదై ఉండకూడదు.

బడి గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. ఒక తరగతిలో 10 మంది, లేదా బడిలో 40 మంది పిల్లల మాతృభాష తెలుగైతే ప్రాథమిక స్థాయిలో ఆ భాషలో చెప్పే టీచరును ఇవ్వాలన్నది 1949లో విద్యామంత్రుల సమావేశం ఒప్పుకున్న కొలత. రాజ్యాంగం 350ఎ అధికరణం దాన్ని బలపరుస్తుంది. పిల్లల పేర్లు, తల్లిదండ్రుల సంతకాలతో విద్యా సంవత్సరం మొదలవకముందే జాబితా ఇవ్వాలి. జూన్‌లో బడి తెరిచాక ఇస్తే వచ్చే ఏడు చూద్దామంటారు. పోస్టు మంజూరై, మనిషి రాక ఖాళీగా ఉండటం ఇక్కడి పాత జబ్బు. అప్పుడు రాయాల్సింది 350బి కింద ఉన్న భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు. ఆయన మాట రాష్ట్రం వినితీరాలని లేదు గానీ, నివేదిక పార్లమెంటు ముందుకు వెళ్తుంది. ఇక తమిళనాడులో 2006 చట్టంతో తమిళం తప్పనిసరి అయింది కాబట్టి పిల్లవాడు తెలుగుతోపాటు తమిళమూ చదవాల్సిందే. బతుకు అక్కడే కాబట్టి దాన్ని శిక్షగా చూడనక్కర్లేదని మా అభిప్రాయం.

జిల్లాలో గానీ తాలూకాలో గానీ 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్య ప్రకటనలు ఇవ్వాలి, జిల్లాలో 60 శాతం ఉంటే అదనపు అధికార భాషగా గుర్తించాలి అన్న కొలతలూ ఉన్నాయి. ఈ శాతాలు జనగణన నుంచి వస్తాయి. 2027 లెక్కలప్పుడు ‘ఇంట్లో తెలుగే గానీ తమిళం అని రాసుకోండి లెండి’ అంటే తర్వాత అడగడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న (చింతూరు మండలం): 2014లో మేం తెలంగాణ ఎమ్మెల్యేకు ఓటేశాం. నెల తిరిగేలోపు ఆంధ్రలో కలిపారు. అయిదేళ్లు మాకు ఎమ్మెల్యే ఎవరు?

జవాబు: నిజం చెప్పాలంటే, ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో ఎవరూ లేరు. మీరు 2014 ఏప్రిల్ 30న ఓటేశారు. పోలవరం ముంపు మండలాలను ఆంధ్రలో కలిపే ఆర్డినెన్స్ మే 29న వచ్చింది. మీరు ఎన్నుకున్నవాళ్లు హైదరాబాద్‌లో తెలంగాణ సభలో కూర్చున్నారు, మీ తహసీల్దారు మాత్రం ఆంధ్ర ప్రభుత్వం మనిషి. భూసేకరణ, పునరావాసం అన్నీ జరిగిన కాలమది. మండలాన్ని ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి మార్చే చట్టం నియోజకవర్గాన్నీ అదే రోజు మార్చకపోతే ఇలాగే అవుతుంది. 2018లో నియోజకవర్గాల ఉత్తర్వు సవరించాక చింతూరు, కూనవరం, వీఆర్‌పురం, ఎటపాక రంపచోడవరంలోకి, కుక్కునూరు, వేలేరుపాడు పోలవరంలోకి వచ్చాయి. 2019లో మొదటిసారి ఆంధ్ర ఎమ్మెల్యేకు ఓటేశారు.

దాంతో మీరు అరకు లోక్‌సభలోకీ వచ్చారు. అది ఒడిశా ఎల్ల పక్కనున్న పాలకొండ నుంచి మొదలై మీ శబరి ఒడ్డు దాకా సాగే నియోజకవర్గం. ఆ చివర సవర, జాతాపు, ఈ చివర కోయ, కొండరెడ్డి. ఒక ఎంపీ అన్ని చోట్లకూ అందడం కష్టమే. భద్రాచలం ఊరు తెలంగాణలో, రామాలయం భూములున్న పురుషోత్తపట్నం ఆంధ్రలో ఉండిపోవడం కూడా ఆ గీత పనే. అక్కడి అయిదు పంచాయతీలను వెనక్కి కలపాలన్న డిమాండుకు కూడా పార్లమెంటు చట్టమే కావాలి, కలెక్టరు వల్ల కాదు.

ప్రశ్న (మడకశిర): నియోజకవర్గాల పునర్విభజన వస్తే మా కన్నడ మాట్లాడే మండలాలను ఒకచోట ఉంచమని అడగొచ్చా?

జవాబు: అడగొచ్చు, కానీ అడిగే తీరు ఉంది. 2002 పునర్విభజన చట్టం 9వ సెక్షన్‌లో భాష అన్న మాటే లేదు. భౌగోళికంగా కలిసి ఉండటం, కొండలు నదుల అమరిక, పాలనా యూనిట్ల హద్దులు, రాకపోకల వసతి, ప్రజల సౌకర్యం ఇవే కొలతలు. కాబట్టి ‘మేం కన్నడిగులం’ అని ఒక్క మాట రాస్తే పక్కన పెడతారు. మడకశిర, అమరాపురం, గుడిబండ, రొళ్ల, అగళి మండలాలు మూడు వైపులా కర్ణాటక ఉన్న కొమ్ములా బయటికి పొడుచుకొచ్చాయి, వీటిని విడదీస్తే ఫలానా మండలం వాళ్లు నియోజకవర్గ కేంద్రానికి ఇన్ని కిలోమీటర్లు తిరిగి పోవాలి అని రాస్తే చదువుతారు. ముసాయిదా గెజిట్‌లో వచ్చాక ఇచ్చిన గడువులోనే పంపాలి. ఒక గ్రామాన్ని చేర్చమంటే ఏ గ్రామాన్ని తీయాలో కూడా చెప్పండి, జనగణన కోడ్, జనాభా వేయండి. జనాభా లెక్క కుదరని అభ్యర్థనకు విలువ ఉండదు. తుది ఉత్తర్వు వచ్చాక దాని మీద మళ్లీ సవాలుకు దారి మూసుకుపోయినట్టే.

రిజర్వేషన్ కూడా మారొచ్చు. ఎస్టీ స్థానాలు వాళ్ల శాతం అత్యధికంగా ఉన్నచోట, ఎస్సీ స్థానాలు శాతం ఎక్కువగా ఉన్నవాటిలో రాష్ట్రమంతా పరుచుకునేలా ఇస్తారు. మీ మడకశిర గత పునర్విభజనలో ఎస్సీ అయింది, అంతకుముందు గెలిచిన రఘువీరారెడ్డి 2009లో కళ్యాణదుర్గం వెళ్లారు. గీత అవతల పావగడ కూడా చూడండి. జిల్లా తుమకూరు, లోక్‌సభ చిత్రదుర్గ. ఫిర్యాదు ఒక ఊరికి, ఎంపీ ఇంకో ఊరికి.

ప్రశ్న (పార్వతీపురం): వి.వి.గిరి మా దగ్గర ఓడిపోయారంటారు, నిజమేనా?

జవాబు: నిజమే, 1957లో. అప్పుడు పార్వతీపురం ఇద్దరు సభ్యుల లోక్‌సభ స్థానం, ఒకటి ఎస్టీలకు, ఒకటి జనరల్. ముందు ఎస్టీ అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి రిజర్వుడు సీటు ఇచ్చి, మిగిలిన అందరిలో ఎక్కువ వచ్చినవారికి జనరల్ సీటు ఇచ్చేవారు. ఆ లెక్కన రెండోదీ ఎస్టీ అభ్యర్థి దిప్పల సూరి దొరకే వచ్చింది. గిరి కోర్టుకు వెళ్లారు. ఎస్టీ అభ్యర్థి జనరల్ సీటు గెలవడానికి అడ్డు లేదని 1959లో సుప్రీంకోర్టు తేల్చింది. 1961లో ఇద్దరు సభ్యుల స్థానాలనే చట్టంతో ఎత్తేశారు. గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు. ఏజెన్సీ ఓటు తనంతట తాను జనరల్ సీటును కూడా గెలవగలదని చూపిన ఆ ఫలితం గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క పేరా అయినా ఉండాల్సింది.

ప్రశ్న (పలమనేరు): బెంగళూరులో మేస్త్రీ పని చేస్తాను. ఊళ్లో పోలింగ్ రోజు కూలి కోస్తామంటున్నారు.

జవాబు: కోయకూడదు. 1951 చట్టం 135బి ప్రకారం ఓటు హక్కున్న ఉద్యోగికి పోలింగ్ రోజు వేతనంతో సెలవు ఇవ్వాలి. రోజుకూలీకి కూడా ఇది వర్తిస్తుంది, పని చేసే చోటు నియోజకవర్గం బయట ఉన్నా సరే. ఇవ్వని యజమానికి జరిమానా 500 రూపాయలదాకానే, అందుకే ఎవరూ భయపడరు. అయినా రెండు రోజుల ముందే ఓటరు చీటీ ఫొటో పంపి, సెలవు కావాలని వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడగండి. తర్వాత కార్మిక శాఖ దగ్గరికి వెళ్లాల్సి వస్తే చేతిలో ఉండేది అదొక్కటే. ఓటరు కార్డు పాత చిరునామాదైనా కంగారు పడకండి, పోలింగ్ కేంద్రం జాబితాలో పేరుంటే చాలు.